పండుగ పనిలో తడి లెక్క: సకినం ఎందుకు పేలుతుంది, అరిసె ఎందుకు విరుగుతుంది

పోయినేడు పోసిన కొలతే ఈ ఏడూ పోశారు. అదే గ్లాసు, అదే గిర్ని (పిండిమర), అదే మూకుడు. అయినా సకినాలు నూనెలో టపటపా పేలాయి, అరిసెలు రెండో రోజుకే రాళ్లయ్యాయి. సంక్రాంతి ముందు వారం నల్లగొండలోనూ పాలమూరులోనూ ఈ మాట వినిపించని వాడకట్టు ఉండదు. తప్పెక్కడుందని వెతికితే కొందరు నూనెను అంటారు, కొందరు బెల్లాన్ని అంటారు, కొందరు దిష్టి తీసి పారేస్తారు.

అసలు సంగతి తడిలో ఉంది. కిలో బియ్యానికి ఎన్ని నువ్వులు, ఎంత ఉప్పు అన్నది ఎవరిని అడిగినా చెబుతారు. ఆ బియ్యం నాని, ఆరి, గిర్ని పట్టి ఇంటికి వచ్చేసరికి అందులో ఎన్ని నీళ్లు మిగిలాయో ఎవరూ చెప్పరు. చలిని బట్టి, ఎండను బట్టి, బియ్యం వయసును బట్టి ఏటా మారేది అదొక్కటే. పెద్దవాళ్లు దాన్ని పిడికిలితో తెలుసుకునేవారు. వాళ్ల పిడికిలికి తెలిసిన దాన్ని కొంతవరకు తూకంలోకి, గడియారంలోకి తెచ్చుకోవచ్చు. సకినానికి పనికొచ్చే ఈ లెక్క అరిసెకూ, కేకుకూ, చివరికి బతుకమ్మకూ మట్టి గణపతికీ పనికొస్తుంది.

బియ్యం తాగిన నీళ్లు

బస్తాలో ఉన్న పొడి బియ్యంలో నూటికి 12 నుంచి 14 పాళ్లు నీరు ఉంటుంది. పూర్తిగా నానితే అది 30 పాళ్ల దగ్గరికి చేరుతుంది. అంటే కిలో బియ్యం నానబెట్టి నీళ్లు వంపి తూచితే కిలోంబావు దాకా వస్తుంది. బట్ట మీద నీడలో ఆరబెట్టి, గుప్పెట్లోకి తీసుకుంటే చేతికి నీరు అంటకుండా చల్లగా మాత్రమే తగిలే దశలో మళ్లీ తూచితే 1,200 గ్రాముల దగ్గర ఆగాలి. సకినాల పిండికి గిర్నికి పంపాల్సిన ఘడియ అదే. 1,150కి దిగిపోయిందంటే ఎక్కువ ఆరినట్టు. నాలుగు చుక్కలు చిలకరించి, కలిపి, తడిబట్ట కప్పి అరగంట ఉంచాలి. ఇంట్లో చిన్న తూకం ఉంటే ఈ ఒక్క పనికైనా వాడండి.

ఎంతసేపు నానాలన్నది బియ్యం వయసును బట్టి ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపున, జూరాల కాలువల కింద గద్వాల వైపున వానాకాలం వడ్లు నవంబరు, డిసెంబరుల్లో ఇంటికొస్తాయి. కాబట్టి సంక్రాంతికి పట్టించే బియ్యం నెల రెండు నెలల కొత్తవి. కొత్త బియ్యానికి జిగురు ఎక్కువ, నీళ్లు తాగే గుణం తక్కువ. నాలుగైదు గంటలు నానితే చాలు. ఏడాది నిల్వ బియ్యమైతే రాత్రంతా నానాలి. గింజను రెండు గోళ్ల మధ్య నొక్కితే టక్కుమని రెండు ముక్కలు కాకుండా పిండిలా నలగాలి. ఉప్పుడు బియ్యం మాత్రం వద్దే వద్దు, అందులో పిండిపదార్థం ముందే ఉడికి ఉంటుంది.

ఇంకో మాట. చాలా ఇండ్లల్లో అప్పాలకు రేషన్ దొడ్డు బియ్యం పక్కన పెట్టుకునేవారు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలయ్యాక రేషన్‌లో వచ్చేవి సన్నవి. దొడ్డు బియ్యానికి అలవాటైన చెయ్యి సన్నబియ్యప్పిండిలో అదే చెంబు నీళ్లు పోస్తే తేడా వస్తుంది. చెంబును నమ్ముకోకుండా కొంచెం కొంచెం పోసుకుంటూ కలపాలి.

ఇక గిర్ని. రాయి వేడికి పిండిలో తడి కొంత పోతుంది, అది మామూలే. చెడేది అక్కడ కాదు, ఇంటికి తెచ్చే తోవలో. వేడివేడి తడిపిండిని సంచిలో మూట కట్టి బండికి తగిలించుకుని వస్తే లోపలి ఆవిరి బయటికి పోలేక మళ్లీ పిండి మీదే దిగుతుంది. అక్కడక్కడా చిన్న ఉండలు కడతాయి. జల్లెడ పట్టకుండా కలిపితే ఆ ఉండలే రేపు నూనెలో బాంబులు. అందుకే వెడల్పు గిన్నెలో తేవాలి, రాగానే జల్లించాలి, జల్లించిన దాన్ని అదిమి తడిబట్ట కప్పాలి. పిడికిట పడితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే పొడి కావాలి. తడిపిండి ఆ రోజుకే; మరునాటికి పులుస్తుంది. మిగిలితే ఫ్రిజ్‌లో ఒక రోజు ఆగుతుంది, అంతకు మించి ఉంచాలంటే ఎండబెట్టి రొట్టెలకు వాడుకోవడమే.

సకినం

కిలో బియ్యపు పిండికి నువ్వులు 150 గ్రాములు, ఓమ (వాము) రెండు చెంచాలు, ఉప్పు 20 గ్రాములు. కారం సకినాలు కావాలంటే కారం వేరే పొడిలో కలిపి, వేగిన తర్వాత చల్లుకోవడం మేలు. పిండిలో కలిపితే నూనె అడుగున మాడి రెండో వాయికే నల్లబడుతుంది. నీళ్లు చల్లవే పోయాలి. వేడినీళ్లు పోస్తే పిండి సగం ఉడికి సాగుతుంది, సకినం గుల్లగా రాదు. కిలో పిండిని ఒకేసారి కలపకూడదు, మూడు వంతులు చేసుకుని ఒక వంతు అయిపోయాక ఇంకో వంతు. ముద్ద చపాతి పిండి కంటే మెత్తగా, మినప గారెల పిండి కంటే గట్టిగా ఉండాలి.

గోధుమ పిండిని సాగదీస్తే సాగుతుంది, ఎందుకంటే అందులో బంకలాంటి మాంసకృత్తు ఉంటుంది. బియ్యప్పిండిలో అది లేదు. దాన్ని పట్టి ఉంచేది తడీ, వేళ్ల ఒత్తిడీ మాత్రమే. సకినాన్ని పామినట్టు కాకుండా మెలిపెట్టి చుట్టడానికి కారణం ఇదే. మెలి పడినప్పుడల్లా పిండి రేణువులు ఒకదానికొకటి నొక్కుకుంటాయి, పైన గాట్లు పడతాయి. ఆ గాట్ల వల్ల నూనె తగిలే చోటు పెరుగుతుంది, లోపలి ఆవిరికి తోవ దొరుకుతుంది. మెలి సరిగా పడని సకినం చూడ్డానికి నున్నగా ఉంటుంది గానీ వేగాక గట్టిగా ఉంటుంది.

చుట్టే పద్ధతి: నిమ్మకాయంత ముద్ద అరచేతిలో, మిగతా మూడు వేళ్లతో పట్టుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు కొసల మధ్య నుంచి పిండిని కొంచెం కొంచెం వదులుతూ, వదిలిన ప్రతిసారీ మెలి తిప్పుతూ, చెయ్యి గుండ్రంగా నడవాలి. తీగ పెన్సిలు కంటే సన్నంగా ఉండాలి. ముందు లోపలి చిన్న చుట్టు, దాని చుట్టూ రెండోది, అలా మూడు నుంచి ఐదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య పిండి తాకీ తాకనట్టు ఉండాలి. ఎడమైతే ఎత్తేటప్పుడు విడిపోతుంది, ఒత్తుగా అయితే మధ్యలో పచ్చిగా మిగులుతుంది. మొదట పిండితో గౌరమ్మను చేసి బొట్టు పెట్టి పని మొదలుపెట్టే ఇండ్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలకు నేర్పడానికి ఆ ఘడియే మంచిది, పెద్దవాళ్ల చేతులు ఇంకా తొందరలో పడి ఉండవు. ఆరేడేండ్ల పిల్లకు ఒక్క చుట్టు సకినం చాలు. వేళ్ల మధ్య పిండి తెగిపోతుంటే తప్పు పిల్లది కాదు, ముద్ద పొడిబారింది. చెయ్యి తడి చేసి మళ్లీ మర్దించి ఇవ్వండి. వేళ్లకు అతుక్కుంటుంటే నీళ్లు ఎక్కువైనట్టు. పిల్లల చేతులు ముద్ద తడిని పెద్దవాళ్ల కంటే నిజాయితీగా చెబుతాయి, ఎందుకంటే పెద్దవాళ్లు తెలియకుండానే సర్దుకుపోతారు.

చుట్టేది పాత నూలు బట్ట మీదే. గంజి పెట్టనిది, ఉతికి ఆరినది. నూలు అడుగునున్న తడిని పీల్చుకుంటుంది, అందుకే సకినం ముక్కలు కాకుండా లేస్తుంది. పాలిస్టర్ చీర మీద చుట్టిన సకినాలు అడుగు అతుక్కుని సగం బట్టకే మిగలడం ఇందువల్లే. జనవరి చలిలో అరగంట నుంచి ముప్పావు గంట ఆగాలి. తొందరపడి ఫ్యాన్ పెట్టడం పెద్ద పొరపాటు. గాలికి పైపొర ఎండి తోలులా అవుతుంది, లోపల తడి అట్లాగే ఉంటుంది. చూడ్డానికి ఆరినట్టే కనిపిస్తుంది, పేలేది మాత్రం అదే.

పేలుడంటే ఏమిటో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. నూనె 160, 170 డిగ్రీల వేడి మీద ఉంటుంది. లోపలి నీరు 100 డిగ్రీల దగ్గరే ఆవిరై బయటికి రావాలని తోస్తుంది. గాట్ల నుంచి, నువ్వు గింజలు చేసిన సందుల నుంచి నెమ్మదిగా వస్తే బుడగలుగా పోతుంది. తోవ మూసుకుంటే ఒక్కసారిగా చీల్చుకుని వస్తుంది. తోవ ఎలా మూసుకుంటుంది? పైపొర ముందే ఎండితే ఒకటి. నూనె పొగలు కక్కేంత కాగి, వేసీ వేయగానే పైపొర బిగిస్తే రెండు. తీగ లావై లోపలి నీరు దూరం నడవాల్సి వస్తే మూడు. జల్లెడ దాటిన ఉండలో, సరిగా నానని రవ్వలో ఉంటే నాలుగు. నువ్వులు తగ్గించి చేసినవీ ఎక్కువ పేలతాయి, నువ్వులు రుచికే అనుకుని పొదుపు చేయకండి. ఒక వాయిలో రెండు మూడు పేలాయంటే మంట తగ్గించి, తర్వాతి వాయికి ఒకటే వేసి చూడండి. అదీ పేలితే లోపం మంటలో లేదు, పిండిలో ఉంది. మిగిలిన ముద్దను పొయ్యి దగ్గరికి తేవద్దు, నీళ్లు చిలకరించి మళ్లీ మర్దించి, సన్నగా చుట్టాలి. అంతసేపూ పిల్లల్ని వంటింటి గుమ్మం దాటనీయొద్దు, మీరూ మూకుడు మీదికి వంగొద్దు.

వేగిందో లేదో రంగుతో కాదు, చప్పుడుతో తెలుస్తుంది. సకినం తెల్లగానే దించాలి, ఎర్రబడితే చేదు వస్తుంది. వేసినప్పుడు జోరుగా వచ్చే బుడగలు తగ్గి, సుయ్యిమనే చప్పుడు సన్నబడితే నీళ్లు దాదాపు అయిపోయినట్టు. బుడగలు బాగా ఉండగానే తీస్తే ఆ పూట కరకరలాడి తెల్లారికి మెత్తబడుతుంది. తీశాక పూర్తిగా చల్లారనివ్వాలి. గోరువెచ్చగా ఉండగానే డబ్బా మూత పెడితే గిర్ని మూటలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. పల్లి నూనెలో వేయించి, బాగా చల్లార్చి స్టీలు డబ్బాలో పెడితే మూడు వారాలు నిలుస్తాయి.

అరిసెకు తడి తిరగబడుతుంది

సకినంలో తడి బయటికి పోవాలి. అరిసెలో తడి ఉండిపోవాలి. ఒకే రోజు, ఒకే పిండితో రెండూ చేయబోయేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అరిసెల బియ్యం 24 గంటలు నానాలి, ఆ లోపల మూడుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. వడగట్టి పావుగంట మాత్రమే ఆరనిచ్చి గిర్నికి పంపాలి. వచ్చిన పిండిని గిన్నెలో అదిమి, మీద తడిబట్ట వేసి, పాకం అయ్యేదాకా ముట్టుకోకూడదు.

కారణం ఇది. ఉండపాకం దశలో బెల్లం పాకంలో నీళ్లు నూటికి సుమారు 15 పాళ్లే ఉంటాయి. తడిపిండిలో దానికి రెట్టింపు దాకా ఉంటాయి. రెండూ కలిసినప్పుడు నీరు పిండి నుంచి పాకంలోకి నడుస్తుంది, పాకం వదులవుతుంది, చలిమిడి మెత్తగా ఉంటుంది. అదే పొడిపిండి కలిపితే నీరు పాకం నుంచే పిండిలోకి పోతుంది, పాకం ఇంకా ముదురుతుంది. కలిపినప్పుడు బాగానే ఉన్న ముద్ద తెల్లారేసరికి రాయి కావడం ఇందుకే. అంగట్లో దొరికే పొడి బియ్యప్పిండి ప్యాకెట్‌తో అరిసెలు కుదరవన్న పెద్దల మాట ఉత్త పట్టుదల కాదు.

కిలో బియ్యానికి 700 గ్రాముల బెల్లం. బాగా తీపి తినేవాళ్లు 750 దాకా పోవచ్చు, అంతకు మించితే అరిసె నూనెలో పరుచుకుపోతుంది. బెల్లం కరగడానికి గ్లాసెడు నీళ్లు చాలు. కరగగానే వడగట్టాలి, అడుగున ఇసుక తప్పకుండా ఉంటుంది. పాకం 114, 116 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చల్లని నీటిలో ఒక చుక్క వేస్తే కరగకుండా అడుగున నిలుస్తుంది, వేళ్లతో కూడగడితే మెత్తని ఉండ అవుతుంది, పైకి తీస్తే వేలి మీద మెల్లగా వాలుతుంది. ఉండ వాలకుండా గట్టిగా నిలిచిందంటే దాటిపోయింది. వెంటనే అర చెంబు వేడినీళ్లు పోసి మళ్లీ కాచి పరీక్ష చేయండి. పాకాన్ని వెనక్కి తేవచ్చు, పిండి కలిపాక తేలేరు. ఈ దశ నుంచి పరీక్ష అర నిమిషానికొకసారి చేయాలి. పక్కన గిన్నెలో నీళ్లు పట్టుకుని నిలబడే మనిషి వేరే ఉండాలి, పాకం కలిపే మనిషి వేరే.

పొయ్యి మీద నుంచి దించి, రెండు చెంచాల నెయ్యి, వంద గ్రాముల వేయించిన నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో తిప్పాలి. ఒంటి చేత్తో అయ్యే పని కాదిది. పిండి అంతా పట్టాలన్న పంతం వద్దు. తెడ్డు నుంచి ముద్ద బరువుగా జారుతున్నప్పుడే ఆపాలి, చల్లారాక ఇంకా బిగుస్తుంది. నూనె రాసిన అరిటాకు మీద చిటికెన వేలు మందంలో సగం ఉండేటట్టు ఒత్తి, నడిమంట మీద వేయించి, రెండు చిల్లుల గంటెల మధ్య నొక్కి నూనె పిండేయాలి. మొదట ఒక్కటే వేయండి. అది నూనెలో విచ్చుకుని ముక్కలైతే పాకం లేత. చలిమిడిలో గుప్పెడు తడిపిండి కలిపి ఇంకోటి వేసి చూడండి. అంచులు పగిలి గట్టిగా వస్తే ముదురు. గోరువెచ్చని పాలు చెంచా చెంచాగా పోస్తూ మర్దించాలి. మొత్తం వేయించాక తెలుసుకుంటే చేసేదేమీ ఉండదు.

గరిజెల (కజ్జికాయల) సంగతి చిన్నది. పాలమూరు పల్లీలు వేయించి, పొట్టు తీసి, నువ్వులు, ఎండుకొబ్బరితో కలిపి దంచిన పొడిలో బెల్లం కలిపితే రెండు గంటల్లో తడి ఊరి పైపొరను మెత్తబరుస్తుంది. అందుకే బెల్లం కలిపిన పొడిని వెంటవెంటనే కూరి వేయించాలి. నాలుగు రోజులు చేసే పనైతే చక్కెర పొడి నయం. అంచుకు పాలు రాసి నొక్కాలి. ఒక్కటి విడినా పొడి నూనెలో మాడి మిగతా వాయిలన్నీ నల్లమచ్చలతో వస్తాయి.

కుక్కర్‌లో క్రిస్మస్ కేకు

నల్లగొండ కేంద్రంగా కథోలిక మేత్రాసనం 1976లో ఏర్పడింది. పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాలు అంతకంటే ముందు నుంచే ఉన్నాయి. డిసెంబరు చివర ఈ ఊళ్లల్లో ఎన్నో ఇండ్లు కేకు వాసన వేస్తాయి, చాలా చోట్ల ఓవెన్ లేకుండానే. మైదా 200 గ్రాములు, చక్కెర పొడి 150, పెరుగు 200, నూనె 100 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, వంట సోడా అర చెంచా, ఎండు ద్రాక్ష, జీడిపప్పు, టూటీ ఫ్రూటీ కలిపి 150 గ్రాములు. పాత కుక్కర్‌లో రెండు సెంటీమీటర్ల మందాన ఇసుకో రాళ్ల ఉప్పో పరచి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి సన్నమంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. కేకు గిన్నె పెట్టి మూత వేశాక 40 నిమిషాల దాకా తెరవొద్దు. 45 నుంచి 55 నిమిషాల్లో అవుతుంది.

ఇక్కడ మైదాలోని బంక పని చేస్తుంది. సోడా చేసిన గాలిని అది బుడగల్లా పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండిలో ఆవిరి చీల్చుకుపోతే ఇక్కడ గాలి నిలబడి కేకు పొంగుతుంది. అయితే పిండి కలిపాక ఎక్కువ గిలకొడితే ఆ బంక బిగిసి కేకు రొట్టెలా అవుతుంది, పొడి కనబడకుండా పోగానే ఆపాలి. మధ్యలో కుంగితే మూత ముందే తీసినట్టు, లేదా పెరుగు పలచగా ఉన్నట్టు. పండ్ల ముక్కలు అడుగుకు చేరితే అవి తడిగా ఉన్నట్టు. బట్టతో తుడిచి, చెంచా మైదాలో దొర్లించి కలపండి. నల్లగొండ బత్తాయి చేతికందుతుంది కదా అని దాని రసంలో ఎండుద్రాక్ష రాత్రంతా నానబెడుతుంటారు. బత్తాయి రసం నిల్వ ఉంటే చేదెక్కుతుంది. నానబెట్టడానికి ద్రాక్షరసం వాడి, బత్తాయి తొక్క పైపొరను మాత్రం తెల్లభాగం తగలకుండా తురిమి వేసుకుంటే మంచి వాసన వస్తుంది.

పూలకూ మట్టికీ ఇదే లెక్క

బతుకమ్మ చేతిపనే, అదీ ఇంటిల్లిపాదీ కూర్చుని చేసేది. 2014లో రాష్ట్ర పండుగ అయింది, అందులో ముఖ్యమైన తంగేడు రాష్ట్ర పుష్పమైంది. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ చిన్నది కాబట్టి ఎలా పేర్చినా నిలుస్తుంది. సద్దుల బతుకమ్మ ఎత్తుగా ఉంటుంది, అక్కడే ఒరగడం మొదలవుతుంది. ఒరిగే బతుకమ్మకు కారణం పైన పూలలో కాదు, లోపల కూరిన ఆకులో ఉంటుంది. పచ్చి ఆకు రెండు మూడు గంటల్లో వాడి కుంగుతుంది, ఒక పక్క ఎక్కువ కుంగితే ఆ పక్కకు వాలుతుంది. కోసేసిన గునుగు, తంగేడు కాడలను అంగుళం ముక్కలు చేసి కూరండి. కాడ ఆకంత త్వరగా కుంగదు. ప్రతి వరుసకూ నడుమ నింపి అరచేత్తో అదమాలి, మూడు వరుసలకొకసారి తాంబాళం చుట్టూ తిరిగి నలువైపుల నుంచీ చూడాలి. కింది పళ్లెం అడుగు వెడల్పుంటే ఎత్తు అడుగున్నర దాటకుండా చూసుకుంటే చెరువు దాకా తలమీద మోసుకుపోయినా కదలదు.

గునుగు కాగితంలా పొడిగా ఉండే పువ్వు కాబట్టే రంగు పడుతుంది, రెండు రోజులు నిలుస్తుంది. ముందు రోజే కోసి, కట్టలు కట్టి, కొసలు సమంగా కత్తిరించి, గోరువెచ్చని రంగునీళ్లలో పువ్వు భాగం మాత్రమే ముంచి, దులిపి, తలకిందులుగా నీడన ఆరేయాలి. ఆరకముందే పేర్చితే గులాబీ రంగు కారి తంగేడు పసుపును పాడుచేస్తుంది. తంగేడు సంగతి దీనికి వ్యతిరేకం. తెల్లవారగానే తెచ్చి, తడిబట్టలో చుట్టి, పేర్చే ముందు మాత్రమే విప్పాలి. కట్ల, గుమ్మడి పూలు అన్నిటికంటే ముందు వాడిపోతాయి, వాటిని చివరి వరుసలకు ఉంచుకోండి. చెరువులో కలిపేది కాబట్టి దారం నూలుదే వాడాలి, మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ పూలు వద్దు. తంగేడు కొమ్మ కొస తుంచండి, పొద పీకకండి. సద్దుల్లో మలీదకు కూడా తడే ఘడియ చెబుతుంది: జొన్నరొట్టె వేడి మీదే నలిపి బెల్లం కలపాలి. చల్లారితే రొట్టె పలుకులు కడుతుంది, బెల్లం పట్టదు.

మట్టి గణపతి పగుళ్లు కూడా ఫ్యాన్ కింద ఎండిన సకినం కథే. పైపొర ముందు ఎండి కుంచించుకుంటుంది, లోపల ఇంకా తడిగా ఉంటుంది, పైపొరకు చీలడం తప్ప దారి ఉండదు. నల్లరేగడి మట్టి తడికి ఉబ్బి, ఎండకు బాగా కుంచించుకుంటుంది, దాన్ని ఒంటిగా వాడొద్దు. చెరువు ఒండ్రు నాలుగు పాళ్లకు సన్న ఇసుక ఒక పాలు కలిపి, రాళ్లు ఏరి, ఒక రాత్రి నాననిచ్చి బాగా తొక్కాలి. చేతులు, తొండం అతికించే చోట రెండు వైపులా గీతలు గీసి, చిక్కని మట్టినీళ్లు రాసి నొక్కాలి. నున్నటి మట్టికి నున్నటి మట్టి అతకదు. జానెడు కంటే పెద్ద బొమ్మకు పొట్ట అడుగు నుంచి మట్టి తోడి గుల్ల చేయండి. మొదటి రోజు తడిబట్ట కప్పి, తర్వాత మూడు రోజులు నీడలో. ఎండలో పెట్టడం చివరి గంటకే.

వీటిలో ఏ ఒక్క పనైనా ఇంట్లో చేస్తే, గోడ క్యాలెండర్ వెనకైనా సరే నాలుగు మాటలు రాసి పెట్టండి. బియ్యం కొత్తవా పాతవా, ఎన్ని గంటలు నానాయి, ఆరాక ఎంత తూగాయి, గిర్ని నుంచి ఎంతసేపట్లో ఇంటికొచ్చాయి, ఎన్ని నీళ్లు పట్టాయి, బట్ట మీద ఎంతసేపు ఆరాయి, ఎన్ని పేలాయి. అరిసెలకు బెల్లం తూకం, పాకం పరీక్షలో ఉండ ఎలా వాలింది, ఎంత పిండి మిగిలింది. రాసే పని చుట్టడం ఇంకా రాని పిల్లకు అప్పగించండి, ఆ పిల్ల తూకం దగ్గర కూర్చుంటుంది. వచ్చే సంక్రాంతికి బియ్యం నానేసేటప్పుడు ముందు తీసి చూడాల్సింది ఆ కాగితమే.